రసెల్ ఎం. నెల్సన్: పదవీకాలం 41 ఏళ్లా, 7 ఏళ్లా?

పుటలమారి:
మోర్మన్ సంఘాధ్యక్షుడు రసెల్ ఎం. నెల్సన్ (1924–2025) మీద తెలుగులో విజ్ఞానసర్వస్వ వ్యాసం రాస్తున్నాను. పదవిలో 41 ఏళ్లు ఉన్నాడని ఒకచోట, 7 ఏళ్లని ఇంకోచోట కనిపిస్తోంది. అపొస్తలుడైన తేదీ కూడా 1984 ఏప్రిల్ 7 అని కొందరు, 12 అని కొందరు రాశారు. ఏది సరి? అధ్యక్షుణ్ణి ఓట్లతో ఎన్నుకుంటారా? "మోర్మన్" అని రాయొచ్చా? డాక్టరుగా ఆయన పని గురించి ఎంత రాయాలి?

సాల్ట్‌లేక్_చదువరి:
రెండు తేదీలూ సరైనవేనండీ, జరిగిన పనులే వేరు. ఏప్రిల్ 7న సర్వసభ్య సమావేశంలో పేరు చదివితే సభ్యులు కుడిచెయ్యెత్తి సమ్మతి తెలిపారు. 12న హస్తనిక్షేపణతో (తలమీద చేతులుంచి పదవిలో నియమించడం) అపొస్తలుడయ్యాడు. అదే రోజు డాలిన్ ఓక్స్ పేరు కూడా చదివారు, ఆయన అప్పటికి యూటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఆ బాధ్యతలు ముగించుకుని వచ్చేసరికి ఆయన హస్తనిక్షేపణ మే 3 దాకా ఆగింది. వ్యాసంలో 12 వేసి, 7 సంగతి ఒక వాక్యంలో చెప్పండి.

41 ఏళ్లు అపొస్తలుడిగా, 7 ఏళ్ల 8 నెలలు అధ్యక్షుడిగా (2018 జనవరి 14 నుంచి 2025 సెప్టెంబరు 27 వరకు). మధ్యలో 2015 జులైలో అప్పటి సమూహాధ్యక్షుడు బాయ్డ్ ప్యాకర్ మరణించాక పన్నెండుమంది అపొస్తలుల సమూహానికి అధ్యక్షుడయ్యాడు. "అధ్యక్షుడు" అన్న ఒక్క మాటే రెండు పదవులకూ వాడితే చదివేవాళ్లు తికమకపడతారు. "సమూహాధ్యక్షుడు", "సంఘాధ్యక్షుడు" అని విడదీయండి.

ఇంకొకటి, "అందరికంటే ఎక్కువకాలం అపొస్తలుడు" అని మాత్రం రాయకండి. డేవిడ్ ఓ. మెకే 1906 నుంచి 1970 దాకా, దాదాపు 64 ఏళ్లున్నాడు. నెల్సన్‌ది వయసు రికార్డు: ఆ సంఘాధ్యక్షుల్లో అందరికంటే ఎక్కువ బతికింది ఆయనే, 101 ఏళ్లు.

వరుసక్రమం:
పోటీ ఉండదు, ప్రచారం ఉండదు. అధ్యక్షుడు చనిపోతే, పన్నెండుమందిలో అందరికంటే ముందు చేరినవాడే తరువాతి అధ్యక్షుడు. వయసుతో పనిలేదు. అపొస్తలులు కూడి ఆయన తలమీద చేతులుంచి ప్రత్యేకిస్తారు. సభ్యులు చేతులెత్తేది ఆ తరువాతి సమావేశంలో. నెల్సన్‌కు ముందరి అధ్యక్షుడు మాన్సన్ 2018 జనవరి 2న పోయాడు, 14కల్లా నెల్సన్ వచ్చాడు. ఈ వేగం మొదటినుంచీ లేదు: అధ్యక్షుడు జాన్ టేలర్ 1887లో పోతే, తరువాతివాడు ఉడ్రఫ్ అధ్యక్షుడైంది 1889లో.

"ముందు చేరడం" అన్నదానికీ ఒక మెలిక ఉంది. బ్రిగమ్ యంగ్ జూనియర్ 1864లోనే అపొస్తలుడైనా సమూహంలో చేరింది 1868లో. జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1866లో అపొస్తలుడై 1867లో సమూహంలోకొచ్చాడు. లెక్కకొచ్చేది సమూహంలో చేరిన తేదీయేనని 1900 ఏప్రిల్‌లో తేల్చారు. 1901లో సంఘాధ్యక్ష పదవి స్మిత్‌కు దక్కడం ఆ నిర్ణయం వల్లే.

నెల్సన్ తరువాత ఓక్స్ వచ్చిందీ ఈ వరుసలోనే: నెల్సన్ అపొస్తలుడైంది ఏప్రిల్ 12న, ఓక్స్ మే 3న. వయసులో ఓక్స్ ఎనిమిదేళ్లు చిన్న. అది కాకతాళీయం.

గుండెచప్పుడు:
వైద్యం మీద ఒక పేరా తప్పక రాయండి, కానీ "గుండె–ఊపిరితిత్తుల యంత్రం కనిపెట్టాడు" అని వద్దు. గుండెను కోసేటప్పుడు రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, తిరిగి ఒంట్లోకి పంపే యంత్రమది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో క్లారెన్స్ డెన్నిస్ బృందం దాన్ని రూపొందిస్తుంటే నెల్సన్ అందులో ఒకడు. 1951 ఏప్రిల్‌లో మనిషి మీద వాడారు, రోగి బతకలేదు. నెల్సన్ పేరిట చెప్పగలిగింది 1955లో యూటా రాష్ట్రంలో మొదటి ఓపెన్ హార్ట్ సర్జరీ. "యూటాలో" అన్న మాట వదిలేస్తే ప్రపంచంలోనే మొదటిది అనుకుంటారు.

1972 ఏప్రిల్ 12న 77 ఏళ్ల స్పెన్సర్ కింబల్‌కు ఆపరేషన్ చేశాడు: గుండెలోని అయోర్టిక్ కవాటం మార్పిడి, దాంతోపాటు ఒక బైపాస్. కింబల్ అప్పుడు తాత్కాలిక సమూహాధ్యక్షుడు. 1973 డిసెంబరులో సంఘాధ్యక్షుడు హెరాల్డ్ లీ హఠాత్తుగా పోతే కింబల్ ఆ పదవిలోకి వచ్చాడు. నెల్సన్‌ను అపొస్తలుడిగా పిలిచింది ఆయన హయాంలోనే, హస్తనిక్షేపణ కూడా సరిగ్గా 12 ఏళ్ల తరువాత ఏప్రిల్ 12నే. ఆపరేషన్ ఫలించకపోతే ఆ వరుస వేరేగా ఉండేది.

పుటలమారి:
ధన్యవాదాలండీ. తొలి వాక్యం ఇలా రాశాను: "1984 నుంచి అపొస్తలుడిగా, 2018 నుంచి మోర్మన్ చర్చి అధ్యక్షుడిగా పనిచేసిన అమెరికన్ హృదయ శస్త్రవైద్యుడు."

సాల్ట్‌లేక్_చదువరి:
బాగుంది, "మోర్మన్ చర్చి" తప్ప. ఆ పేరు వాడొద్దని 2018లో అడిగింది ఆయనే. సంఘంవాళ్లు తెలుగులో వాడే పేరు "యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము". ఒకసారి పూర్తిగా రాసి, తరువాత "సంఘం" అంటే చాలు. "మోర్మన్ గ్రంథము" మాత్రం అలాగే ఉంచాలి, అది గ్రంథం పేరు. వెతికేవాళ్లకు దొరకాలంటే "మోర్మన్ సంఘంగా ప్రసిద్ధి" అని ఒక్కసారి చేర్చండి.

వరుసక్రమం:
మన పాఠకుల కోసం రెండు విషయాలు కలపండి. భారత్‌లో మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల కూటమి) 2012 మేలో హైదరాబాదులో ఏర్పడింది, ఏర్పాటు చేసింది ఓక్స్. బెంగళూరు దేవాలయాన్ని నెల్సన్ 2018 ఏప్రిల్‌లో, అధ్యక్షుడిగా తన మొదటి సమావేశంలోనే ప్రకటించాడు. ఆదివారం ఆరాధన 3 గంటల నుంచి 2 గంటలకు తగ్గింది కూడా ఆయన కాలంలోనే, 2019 జనవరి నుంచి.