‘రక్తం పలచబడే మాత్ర’ అనొచ్చా?

ఆసుపత్రుల్లో అందరి నోటా వినబడే ఈ మాట తప్పని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

మా పెద్దమ్మది కావలి పక్కన పల్లె. గుండె లయ తప్పుతోందని వార్ఫరిన్ రాశారు, ‘రక్తం పలచబడే మాత్ర’ అని చెప్పి. మావైపు ‘నెత్తురు పలచబడింది’ అంటే ఒంట్లో నెత్తురు లేక పాలిపోయారని. ఆమె అట్లాగే అర్థం చేసుకుని, నెత్తురు పట్టాలని రోజూ మునగాకు, తోటకూర తినడం మొదలుపెట్టింది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డం. పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ (నెత్తురు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే కొలత) పడిపోయి ఉంది, అంటే మందు సరిగా పనిచేయట్లేదు.

తర్వాత మోకాలి ఆపరేషన్‌కి నెల్లూరు తీసుకుపోయాం. మత్తు డాక్టరు “రక్తం పలచబడే మాత్రలేమన్నా వేసుకుంటున్నావా అమ్మా?” అనడిగితే, “నాకెందుకు నాయనా, ఉన్న నెత్తురే తక్కువ. గుండె మాత్ర ఒకటే” అనింది. నేను పక్కనుండి చీటీ చూపించాను కాబట్టి సరిపోయింది. మత్తు కోసం నడుములో సూది దిగినచోట నెత్తురు ఆగకుండా చేరితే వెన్నుపాముని నొక్కేస్తుంది, కాళ్లు పడిపోవచ్చు. అందుకే వార్ఫరిన్‌ని మామూలుగా 5 రోజుల ముందే ఆపిస్తారు. ఆపరేషన్ వాయిదా పడింది.

ఆ మాత్రకి నెత్తురు చిక్కదనం మారదు. గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే పదార్థాలు తగ్గుతాయి. అదే పేరుతో పిలిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రల దారి వేరు, అవి నెత్తురులోని ప్లేట్‌లెట్ కణాలని ఒకదానికొకటి అతుక్కోనివ్వవు. పలచబడటమనేది నీళ్లు పోసిన మజ్జిగకి, చారుకి. మనకి మాటలు లేకనా? పాలు తోడుకుంటాయి, పాకం ముదురుతుంది, నెయ్యి పేరుకుంటుంది, నెత్తురు గడ్డకడుతుంది. ‘గడ్డకట్టనివ్వని మాత్ర’ అంటే ఏం?

ఒంగోలు సభ్యురాలి జవాబు: నేను నర్సుని. మీరన్నది నిజం. కానీ ‘గడ్డ’ అనగానే సెగ్గడ్డో కణితో అనుకుని బెదిరిపోతారండీ. నేను ‘నెత్తురు పేరుకోకుండా వేసుకునే మాత్ర’ అంటాను. ఇంకోటి, ఆపరేషన్లో బీపీ పడిపోయినా ‘మాత్రకి రక్తం పలచబడి’ అనేస్తారు ఇంటివాళ్లు. నడుముకి మత్తిస్తే కాళ్లవైపు రక్తనాళాలు సడలతాయి, బీపీ తగ్గేది అందుకు. ఆ మాత్రకీ దానికీ సంబంధం లేదు.

నేను: పేరుకోవడం! నాకు తట్టలేదు, మీ మాటే మేలు. పొద్దున పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పి చూశాను. “చలికాలం నెయ్యి మాదిరా?” అనింది వెంటనే. అవునన్నాను. ఇంక ఏ డాక్టరు అడిగినా ఆ మాటే చెప్పమని, చీటీ సంచిలోనే పెట్టుకోమని చెప్పాను.