మూడో నెల బరువు పొట్టేలు పిల్లదా, తల్లిదా?

ప్రశ్న (మంద యజమాని, నెల్లూరు జిల్లా):
మాది జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) మంద. మూడో నెలలో అందరికంటే బరువు తూగిన పిల్లనే విత్తనపు పొట్టేలుగా ఉంచుకుంటున్నాము. ఆ బరువు పిల్ల సొంత వంశబలమేనని నా వాదన. కాదనేవారు కారణం చెప్పగలరు.

జవాబు (పశుప్రజనన విద్యార్థి):
సగం మాత్రమే ఒప్పుకుంటానండీ. తల్లి, తండ్రి చెరి సగం జన్యువులు ఇచ్చినా, గర్భంలో చోటు, చూలు చివరి ఆరు వారాల పోషణ, ముర్రుపాలు, ఆపైన పాలు, ఇవన్నీ తల్లి ఒక్కటే ఇస్తుంది కాబట్టి పుట్టిన బరువులోనూ మూడో నెల బరువులోనూ ఆమె వాటా బాగా కనిపించి, మేతకు అలవాటు పడిన కొద్దీ తగ్గుతుంది. 1938లో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలను, పొట్టి షెట్లాండ్ గుర్రాలను రెండు వైపులా (ఒకసారి షైర్ తల్లితో, ఒకసారి షెట్లాండ్ తల్లితో) సంకరపరచగా, జన్యువులు దాదాపు ఒకటే అయినా, షైర్ తల్లికి పుట్టిన పిల్ల పుట్టినప్పుడు షెట్లాండ్ తల్లి పిల్లకంటే సుమారు మూడు రెట్లు బరువు తూగింది. ఒకే జాతి గొర్రెల్లో తేడా అంత ఉండదు. కానీ తొలి ఈత పిల్లను, కవలలను నాలుగో ఈత ఒంటి పిల్లతో పోల్చడం అన్యాయమే. అందుకే ఆరో నెల దాకా ఆగి ఎంచుకోవడం మేలు.

ప్రతివాదం (మంద యజమాని):
ఆరో నెల దాకా ఆగితే మంచి పిల్లలన్నీ బక్రీదు బేరానికి పోతాయి, ఎండాకాలపు మేత కొరత వేరే లెక్క. పైగా పాలిచ్చే గుణం కూడా వంశంలో వచ్చేదే కదా, దాన్ని ఎందుకు వదులుకోవాలి?

జవాబు (పశువైద్యుడు):
ఆ చివరి మాట సబబే. పొట్టేలు పాలివ్వకపోయినా ఆ గుణాన్ని కూతుళ్లకు అందిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఒక్క బరువు అంకెలో పిల్ల సొంత పెరుగుదల, తల్లి జన్యువుల పాలగుణం, ఆ ఏడు ఆమెకు దొరికిన మేత కలిసిపోయి ఉంటాయి. ఒకే తల్లి పలు ఈతల బరువులు, ఒకే పొట్టేలుకు వేర్వేరు తల్లుల ద్వారా కలిగిన పిల్లల బరువులు రాసిపెడితేనే వాటిని విడదీయవచ్చు. సొంత పెరుగుదలకూ తల్లి గుణానికీ వైరం (ఒకటి పెరిగితే రెండోది తగ్గడం) ఉన్నట్టు కొన్ని విశ్లేషణల్లో తేలినా, రికార్డులు పలుచగా ఉన్న చోట ఆ ఫలితాన్ని నేను తేలికగా నమ్మను. మీరు పుట్టిన తేదీ, ఒంటి-కవల, తల్లి ఎన్నో ఈత అన్నవి రాసి, ఒకే నెలలో పుట్టిన పిల్లల్లోనే పోలిక చేయండి. మూడో నెలలో నాలుగైదింటిని ఆపి, మిగతావి అమ్ముకుని, తుది ఎంపిక ఆరో నెలలో చేయండి.