బాదం ఎర్రాకుల క్లోజప్: ఈనెలు కలిసిపోతున్నాయి, ఎరుపు ముద్దగా వస్తోంది

ప్రశ్న:
మా వీధిలో బాదం చెట్టు ఆకులు బాగా ఎర్రబడ్డాయి. క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) డీఎస్‌ఎల్‌ఆర్‌కి 55-250 లెన్సు, దాని ముందు +4 క్లోజప్ ఫిల్టర్ (దగ్గరివాటిని ఫోకస్ చేయనిచ్చే అదనపు గాజు, +4 దాని పవర్) బిగించి తీస్తున్నాను. జూమ్ 250 దగ్గర, ఎఫ్/5.6 (లెన్సు రంధ్రం సైజు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ 100. ట్రైపాడ్ లేదు, చేత్తోనే. టైము పొద్దున పదకొండు. వస్తున్న తంటాలు ఇవీ: ఆకు మీద తెల్లటి మెరుపు. మెరుపు లేనిచోట ఎరుపంతా పెయింటు పూసినట్టుండి ఈనెలు కనబడవు. ఫోకస్ సన్నటి గీతలా పడి మిగతాదంతా మసక. మాక్రో లెన్సు కొనక తప్పదా?

జవాబు:
ఇప్పుడే కొనకండి. ముందు జూమ్ తగ్గించండి. +4 ఫిల్టర్‌తో లెన్సు ఫోకస్‌ని ఇన్ఫినిటీ (అతి దూరం) దగ్గర ఉంచితే, ఫిల్టర్‌కి 25 సెం.మీ. దూరంలో ఉన్నది స్పష్టంగా పడుతుంది. జూమ్ ఎంత తిప్పినా ఆ దూరం మారదు, బొమ్మ సైజే మారుతుంది. ఫోకల్ లెంగ్త్‌ని 4తో గుణించి 1000తో భాగిస్తే సైజు తెలుస్తుంది. 250 దగ్గర అది 1, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులోనే పడుతుంది, 22-23 మి.మీ. ముక్కతోనే ఫ్రేము నిండిపోతుంది. అక్కడ ఎఫ్/5.6 పెడితే ఫోకస్ లోతు పావు మిల్లీమీటరు కూడా ఉండదు. బాదం ఆకేమో నడిమి ఈనె దగ్గర పల్లంగా, అంచుల దగ్గర పైకి లేచి ఉంటుంది. గీతలా పడక ఏం చేస్తుంది!

110 దగ్గరికి తగ్గిస్తే అగ్గిపెట్టె పొడవంత, ఇంచుమించు 5 సెం.మీ., ఫ్రేములోకి వస్తుంది. ఎఫ్/11 పెట్టారంటే లోతు 2 మి.మీ. దాటుతుంది. లోతు చాల్లేదని ఎఫ్/22 దాకా పోకండి, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుగు వంగి మసకేయడం) వల్ల సన్న ఈనెలే ముందు మెత్తబడతాయి. ఒంటి గాజు ఫిల్టర్లలో మూలల దగ్గర రంగు అంచులు కనిపిస్తాయి, ఎఫ్/11 దగ్గర అవి కాస్త తగ్గుతాయి. ఎప్పటికైనా మారుద్దామనుకుంటే రెండు గాజులు కలిపి చేసిన క్లోజప్ లెన్సు చూడండి. కేనన్ 500డి అలాంటిదే, పవర్ +2.

ఇంకో సభ్యులు:
లోతుకంటే ముందు సమాంతరం సంగతి చూడాలి. రాలిన ఆకుని అట్టముక్క మీద పరిచి, పక్కనే అదే అట్ట మీద చిన్న అద్దం పెట్టండి. కెమెరాని పైనుంచి అద్దం మీదికి జరిపి లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) చూడండి. మీ లెన్సు ప్రతిబింబం ఫ్రేము నట్టనడుమ పడిందంటే సెన్సరూ అట్టా సమాంతరంగా ఉన్నట్టే. పక్కకి పడితే కెమెరా వాలి ఉంది. సరిచేశాక కెమెరా కోణం కదపకుండా అట్టని జరిపి, ఆకుని కిందికి తెచ్చుకోండి.

ట్రైపాడ్ లేకపోతే ఆకుని నిలువుగా గోడకి ఆనించండి. కిలో బియ్యం పోసిన గుడ్డ సంచిని స్టూలు మీద వేసి కెమెరాని అందులో కూర్చోబెడితే కదలదు. 2 సెకన్ల టైమర్ వాడండి. ఫోకస్ రింగు ముట్టుకోకుండా స్టూలునే ముందుకీ వెనక్కీ జరుపుతూ, లైవ్ వ్యూని 10 రెట్లు పెంచి నాలుగు మూలలూ చూడండి.

అడిగినవారు:
మెరుపుకి పోలరైజర్ (మెరుపు కోసే ఫిల్టర్) చాలదా?

జవాబు:
ఆకుని ఏటవాలుగా చూస్తే బాగా కోస్తుంది. పైన చెప్పినట్టు నిటారుగా చూస్తే మాత్రం పెద్దగా పనిచేయదు. ఎదురుగా వెనక్కొచ్చే వెలుగు పోలరైజ్ కాదు కాబట్టి ఎంత తిప్పినా అంతే. పైపెచ్చు ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక స్టాపంటే వెలుతురు సగానికి తగ్గడం) వెలుతురు మింగేస్తుంది.

బాదం ఆకు మైనం పూసినట్టుంటుంది, దేన్ని చూస్తే దాన్నే చూపిస్తుంది. నీడలో తీసినా పైనున్న ఆకాశం అందులో పడుతుంది. ఎరుపు మీద నీలం కలిసి వంకాయ రంగు తిరిగేది అందుకే. నల్ల గొడుగు తెరిచి ఆకు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఏ కోణంలో మెరుపు చప్పున ఆరిపోతుందో అక్కడ ఆపండి. నీడలో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని సరిచేసే సెట్టింగు) ఆటోకి వదలకుండా 6500-7000 కెల్విన్ దగ్గర పెట్టుకుంటే ఫ్రేముకో రంగు రాదు.

ఇంకో సభ్యులు:
ఎరుపు ముద్దవడం ఫోకస్ దోషం కాదండి, రెడ్ ఛానెల్ (కెమెరా ఎరుపుని నమోదు చేసే భాగం) నిండిపోయింది. కెమెరా చూపించే వెలుగు గ్రాఫు, అంటే తెల్ల హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చకే ఎక్కువ పాలు. అది మధ్యలో బుద్ధిగా కూర్చునే ఉంటుంది, ఈలోగా ఎరుపు గ్రాఫు కుడిగోడకి గుద్దుకుంటుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు గీత గోడ తాకనంత వరకూ ఎక్స్‌పోజర్ తగ్గించండి, మైనస్ 2/3తో మొదలుపెట్టొచ్చు. రా ఫైలు (కెమెరా మార్పులు చేయని అసలు డేటా) తీయండి. పిక్చర్ స్టయిల్ వివిడ్‌లో ఉంటే న్యూట్రల్‌కి మార్చండి, హిస్టోగ్రామ్ ఆ జేపీజీ లెక్కే చూపిస్తుంది. ఎడిటింగులో సాచురేషన్ పెంచాలని చెయ్యి లాగుతుంది. ఎరుపుని 10-15 తగ్గించి చూడండి, ఈనెలు బయటికొస్తాయి.

ఇంకో సభ్యులు:
నీళ్లు స్ప్రే చేస్తే రంగు పెరుగుతుంది కదా?

జవాబు:
ఎండి గరుకైన ఆకుకి పెరుగుతుంది. నీటి పొర గరుకుని పూడ్చేసి, వెలుగు చెదరడం తగ్గిస్తుంది. నున్నటి బాదం ఆకు మీద చల్లితే చుక్కచుక్కకీ ఒక తెల్లమచ్చ, అంతే లాభం. దానికి తడి దూదితో తొడిమ నుంచి కొసకి తుడవడమే మేలు. మన వీధి చెట్ల మీద దుమ్ము కంటికి ఆనదు గానీ క్లోజప్‌లో ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. న్యూ ఇంగ్లండ్‌లో అక్టోబరు మేపుల్ ఆకులు తీసేవాళ్లకి లెక్క వేరు. అవి పలచన, అంత మైనం మెరుపు ఉండదు. వాన వెలిసిన మబ్బు వెలుగులో ఏటవాలు పోలరైజర్‌తో బాగా వస్తాయి.

అడిగినవారు:
పొద్దున ఏడింటికి చెట్టు మీద ఆకునే వెనక ఎండలో తీశాను. ఈనెలు గీసినట్టు పడ్డాయి. కానీ ఆకు చుట్టూ ఆకాశం తెల్లగా పేలిపోయింది, బొమ్మంతా పాలిపోయింది.

జవాబు:
రెండిటికీ కారణం మీరు నిలబడ్డ చోటే. సూర్యుడు ఆకుకి సరిగ్గా వెనక కాకుండా కొంచెం పక్కగా, పైగా ఉండేలా జరగండి. అప్పుడు ఆకు వెలుగుతూనే ఉంటుంది, దాని వెనక ఆకాశం బదులు చెట్టు మానో నీడలో ఉన్న గోడో వస్తుంది. అవి రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటే చాలు, నల్లగా కరిగిపోతాయి. మీటరింగు (వెలుగు కొలత) స్పాట్‌లో పెట్టి ఆకు మీదే కొలవండి. పాలిపోవడమంటే ఎండ నేరుగా ఫిల్టర్ గాజు మీద పడుతోందన్నమాట. అట్టముక్క అడ్డం పెట్టి, దాని నీడ గాజు మొత్తాన్ని కప్పిందో లేదో లెన్సు ముందుకొచ్చి చూసుకోండి.

గాలికి కొమ్మ ఊగుతుంటే ఒక కర్ర నాటి, బట్టల క్లిప్పుతో తొడిమ మొదలుని దానికి పట్టించండి. ఆకుని పట్టిస్తే క్లిప్పు నొక్కిన మచ్చ వెనక వెలుగులో నల్లగా తేలుతుంది. షట్టరు 250వ వంతుకి తగ్గనీయకండి. అందుకోసం ఐఎస్‌ఓ 800 దాకా వెళ్లినా పరవాలేదు, గ్రెయిన్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, ఊగిన ఆకుని ఏం చేయలేం.