పారాడిడిల్‌లో బ్యాక్‌స్టిక్ పెడితే 100 దాటాక ఆలస్యం అవుతోంది

రావులపాలెం_సైడ్‌డ్రమ్ము:
పంద్రాగస్టు పరేడ్‌కి కాలేజీ బ్యాండులో ఆరు సైడ్ డ్రమ్ములు. పారాడిడిల్‌లో (చేతులు మారుస్తూ, ఒకే చేత్తో జంట దెబ్బతో ముగిసే వరస) కుడిచేత్తో బ్యాక్‌స్టిక్ (పుల్ల తిప్పి వెనక మొదలుతో కొట్టడం), ఆఖర్న వేళ్ళ మధ్య పుల్ల ఒక చుట్టు తిప్పడం పెట్టాం. మెట్రోనోమ్ నిమిషానికి 80 బీట్ల దాకా బానే ఉంది. 100 దాటితే బ్యాక్‌స్టిక్ వెనకబడుతోంది, వేళ్ళు డ్రమ్ము అంచుకి, అదే రిమ్‌కి తగులుతున్నాయి. చుట్టులో పుల్ల జారిపోతోంది, ఈ ఉక్కపోతకి మరీను. ఎలా సాధన చేయాలండి?

అమలాపురం_తాళం:
బ్యాక్‌స్టిక్ ఏ దెబ్బ మీద పెట్టారండీ? తేడా చాలామటుకు అక్కడే ఉంటుంది. వరస కు-ఎ-కు-కు, ఎ-కు-ఎ-ఎ (కు అంటే కుడి, ఎ అంటే ఎడమ). బీటుకి నాలుగు దెబ్బల లెక్కన 120లో దెబ్బకీ దెబ్బకీ మధ్య 125 మిల్లీసెకన్లు. జంట కుడి దెబ్బల్లో రెండోదాని మీద పెడితే పుల్ల తిరగడానికి ఉన్న సమయం అంతే. చాలదు. వరస మొదట్లో వచ్చే కుడి మీద పెట్టండి. దానికి ముందు రెండు ఎడమలు పడతాయి కాబట్టి 375 దొరుకుతుంది. తిరిగి మామూలు పట్టుకి రావడానికి మాత్రం 250యే. అందుకే చాలామంది తిప్పేటప్పుడు కాదు, వెనక్కి వచ్చేటప్పుడు తొందరపడి లయ తప్పుతారు.

సాధన 60 నుంచి మొదలెట్టండి. నాలుగు ఆవృత్తాలు తిప్పకుండా, ఆ దెబ్బకి నొక్కు మాత్రం ఇచ్చి వాయించండి. తర్వాత నాలుగు తిప్పుతూ. ఫోన్లో రికార్డు చేసి కళ్ళు మూసుకుని వినండి. ఏ నాలుగు తిప్పినవో చెవికి తెలియకపోతేనే 4 పెంచండి, తెలిస్తే 8 తగ్గించండి. పుల్ల మొదలు లావుగా ఉంటుంది, దెబ్బ బరువుగా పడుతుంది. ఎత్తు సగానికి తగ్గిస్తే మిగతావాటితో కలుస్తుంది.

రిమ్ సంగతి: 17 అంగుళాల పుల్లని మొదలు నుంచి ఐదారు అంగుళాల దగ్గర పడతాం. తిప్పినప్పుడు కొట్టే భాగం పొట్టి, చెయ్యి తోలు దగ్గరికి దిగక తప్పదు. ఆ దిగే చెయ్యి రిమ్ మీదుగా ఉంటే కణుపులు తగులుతాయి. రెండంగుళాలు లోపలికి జరపండి. ముంజేయి తాళంచెవి తిప్పినట్టు తిరగాలి, భుజం లేవకూడదు.

పి_గన్నవరం_రోల్:
చుట్టుకి నా మాట. పుల్ల చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఉండాలి, బొటనవేలు నెట్టి వదిలేసి మళ్ళీ అందుకోవాలి. గుప్పిట బిగిస్తే సగంలో ఆగిపోతుంది. మన అమలాపురంలో దసరాకి చేసే చెడీ తాలింఖానా కర్రసాము ప్రదర్శనలో కర్ర తిప్పడం చూసి మణికట్టుతో ప్రయత్నిస్తారు, కానీ ఇక్కడ పని వేళ్ళది. మంచం మీద కూర్చుని పరుపు పైన చేయండి, పుల్ల కిందపడి చీలదు. చుట్టు ఎప్పుడూ ఖాళీ బీటులోనే పెట్టండి, నోటితో లెక్క ఆపకుండా. పరేడ్‌లో పడిపోతే వంగొద్దు. రెండో చెయ్యి నడిపిస్తుండగా సంచిలోంచి అదనపు పుల్ల తీసుకోండి, ఇదీ సాధన చేయాల్సిందే.

యానాం_స్నేర్:
చెమటకి టేపు చుడతారు గానీ పుల్లంతా చుట్టకండి, వేళ్ళలో తిరగదు. మొదలు వైపు మూడు నాలుగు అంగుళాలు చాలు. వార్నిషు నున్నగా ఉంటే 220 నంబరు ఉప్పుకాగితంతో పైపైన రుద్దండి, పట్టు వస్తుంది. రెండు పుల్లలూ ఒకేలా రుద్దాలి.

రావులపాలెం_సైడ్‌డ్రమ్ము:
రెండో దెబ్బ మీదే పెట్టామండి! మారుస్తాం. ఎడమచెయ్యి ట్రెడిషనల్ గ్రిప్. దాంతో కూడా బ్యాక్‌స్టిక్ వేయొచ్చా?

అమలాపురం_తాళం:
ఆయ్, వేయొచ్చు గానీ పరేడ్ దాకా వద్దండి. ఆ పట్టులో పుల్ల బొటనవేలి సందులో ఉంటుంది, తిప్పే దారి పూర్తిగా వేరు. ఎడమకి పుల్లకి పుల్ల తగిలించే క్లిక్ పెట్టండి. ఆరుగురూ ఒకే ఎత్తులో, గడ్డం కిందుగా.