డీఎంఎఫ్‌టీ నిధి: ఆటిజం థెరపీ కేంద్రమా, బొగ్గు దారి దుమ్ము నివారణా? ఏ లెక్కన తేల్చాలి?

బొగ్గుబాట
సింగరేణి బెల్టులో ఒక చిన్న మున్సిపాలిటీ. ఈసారి జిల్లా ఖనిజ నిధికి (డీఎంఎఫ్‌టీ) ఇక్కడి నుంచి రెండు ప్రతిపాదనలు తయారయ్యాయి. మొదటిది ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ కేంద్రం. పాత స్కూలులో రెండు గదులు బాగుచేసి పరికరాలు కొనడానికి 28 లక్షలు. రెండోది లారీలు రైల్వే సైడింగ్‌కి వెళ్లే రోడ్డు పక్కన వెయ్యి మొక్కలు, నీటిని పొగమంచులా చిమ్మే ఫాగ్ కానన్ బండి ఒకటి. దానికి 31 లక్షలు. రెండింటికీ డబ్బు రాదని ముందే చెప్పేశారు.

దుమ్ము పని చేస్తే ఆరు వేల మందికి మేలు, కేంద్రం పెడితే 40 మంది పిల్లలకే కదా అని కొందరి వాదన. తలకెంత అని లెక్క కడితే కేంద్రం ఓడిపోతుంది. ఇలా పోల్చడం సరైనదేనా? నిబంధనల ప్రకారం దేనికైనా ముందు హక్కు ఉందా? విషయం తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దు
నిబంధనల్లో దేనికీ ముందు హక్కు లేదు. 2015లో గనుల చట్టానికి 9బి సెక్షన్ చేర్చి ఈ నిధి పెట్టారు. లీజుదారు కట్టే రాయల్టీ మీద, లీజు ఎప్పుడు ఎలా వచ్చిందో చూసి, 10 శాతమో 30 శాతమో ఇందులో జమవుతుంది. ఖర్చుకి కేంద్రం ఇచ్చిన పీఎంకేకేకేవై (ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన) మార్గదర్శకాలున్నాయి. అందులో అధిక ప్రాధాన్య జాబితాలో తాగునీరు, పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ, ఆరోగ్యం, విద్య, వృద్ధులు, వికలాంగుల సంక్షేమం అన్నీ ఉన్నాయి. ఈ జాబితాకి మొదట కనీసం 60 శాతం అన్నారు, తర్వాత 70 చేశారు. అంటే మీ రెండు పనులూ ఒకే బుట్టలోవి.

తలకెంత అనే లెక్కతో ఇది తేలదు. రోడ్డు మీద దుమ్ము కొంచెం తగ్గడమూ, మాట రాని నాలుగేళ్ల పిల్లవాడికి తన అవసరం చెప్పడం రావడమూ ఒకే కొలతకి రావు. నేనైతే మూడు ప్రశ్నలు వేస్తాను. ఈ పనికి డబ్బు పెట్టే బాధ్యత చట్టప్రకారం ఇంకెవరికైనా ఉందా? ఈ నిధి ఆగిపోయాక పని నడుస్తుందా? ఒక ఏడాది ఆలస్యమైతే పోయేదేమిటి?

మొదటి ప్రశ్నకే మొక్కలు చిక్కుతాయి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాల్సిందే. ఆ పద్దు ఉండగా ఖనిజ నిధి ఎందుకని కమిటీలో ఎవరైనా అడగొచ్చు. అదే కొలబద్ద రెండోవైపూ పెట్టాలి మరి. పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (ఎదుగుదల లోపాల్ని తొలి దశలోనే చూసే కేంద్రం), విద్యాశాఖ కింద మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటాయి. అవి ఉన్నాయా, ఉంటే ఎంతమంది పిల్లల్ని చూస్తున్నాయి, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి అనేది కాగితం మీద పెట్టకపోతే మీ కేంద్రం ప్రతిపాదనకీ అదే ప్రశ్న తగులుతుంది.

గాలిదుమ్ము
పద్దు గారి మొదటి ప్రశ్న దుమ్ముకి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. లారీకి టార్పాలిన్ కట్టడం, గేటు దగ్గర టైర్లు కడిగే ఏర్పాటు, రవాణా రోడ్డు మీద నీళ్లు చల్లడం మామూలుగా పర్యావరణ అనుమతిలో రాసే షరతులే. అవి గని నడిపేవాళ్ల ఖర్చుతో జరగాలి. ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి వాళ్లు షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. ముందు అది తెచ్చి చదవండి. ‘అమలవుతోంది’ అని రాసి ఉండి రోడ్డు మీద దుమ్ము లేస్తుంటే, అది కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయాల్సిన విషయం. దానికి ప్రజల నిధి పెట్టడమంటే వాళ్ల బాకీ మనం తీర్చడమే.

ఫాగ్ కానన్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈమధ్య ప్రతి ప్రతిపాదనలోనూ ఇదే కనిపిస్తోంది. దుమ్ము కణం, నీటి చుక్క దాదాపు ఒకే సైజులో ఉంటేనే ఒకదానికొకటి అంటుకుని కింద పడతాయి. చుక్క పెద్దదైతే కణం దాని చుట్టూ జారి తప్పించుకుంటుంది. అందుకే సన్న నాజిల్స్ పెడతారు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే అవి కొద్ది వారాల్లోనే పూడుకుపోతాయి. ఫిల్టర్ మార్చేవాళ్లుండరు. చివరికి నాజిల్స్ పీకేసి మామూలు పైపులా నీళ్లు కొడతారు. అప్పుడు రోడ్డు బురదవుతుంది, లారీలు దాన్ని ఇంకా దూరం మోస్తాయి, మధ్యాహ్నానికి ఎండి మళ్లీ లేస్తుంది. క్రషర్ దగ్గర, బొగ్గు దించే చోట, అంటే దుమ్ము ఒకే చోట లేచే దగ్గర ఆ యంత్రం పనికొస్తుంది. గాలి వీచే తెరిచిన రోడ్డు మీద పొగమంచు పక్కకి పోతుంది, అంతే. రోడ్డు మీద పడ్డ పొడిని ఊడ్చి ఎత్తేయడమే అసలు మందు.

మొక్కలకైతే రెండు అడుగుల గుంత, అడుగున చెరువు మట్టి, పశువుల ఎరువు. మొదటి రెండు ఎండాకాలాలు మొక్కకి 15 లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు. వెయ్యి మొక్కలంటే ఒక్క విడతకి 15,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్ మూడు ట్రిప్పులు, వారానికి ఆరు. అంచనాలో ఆ ట్రిప్పులున్నాయా చూడండి. లేకపోతే ఏప్రిల్లో ట్రీగార్డులే మిగులుతాయి.

ఇంకో మాట, ఇది రెండు పక్షాలకూ. ‘బొగ్గు దుమ్ము వల్ల ఆటిజం వస్తోంది’ అని ప్రతిపాదనలో రాయకండి. వాయు కాలుష్యానికీ ఆటిజానికీ సంబంధం ఉందేమోనని చూసిన అధ్యయనాలున్నాయి గానీ, ఫలానా దుమ్ము వల్ల ఫలానా పిల్లలకి వచ్చిందని ఎవరూ నిరూపించలేదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఫైలంతా పక్కన పెట్టేస్తారు. పైగా తల్లులు ఊరికే అపరాధ భావంతో కుంగిపోతారు.

స్వర_ఓటీ
కేంద్రం వైపు నిలబడేదాన్నే గానీ, ఈ 28 లక్షల ప్రతిపాదన ఇలాగే వెళ్తే నేనూ వద్దంటాను. గదులకుంది, పరికరాలకుంది, మనుషులకి రూపాయి లేదు. ఇలాంటి కేంద్రాలు చెడేది ఇక్కడే. రిబ్బన్ కత్తిరిస్తారు, బాల్ పూల్, ఊయల, రంగుల లైట్లు ఫోటోలో వస్తాయి, ఆరు నెలలకి తాళం.

లెక్క చూడండి. ఒక సెషన్ 45 నిమిషాలు, రాసుకోవడానికి, గది సర్దడానికి 15. రోజుకి ఆరు, వారానికి ఐదు రోజులు, మొత్తం 30 సెషన్లు. బిడ్డకి వారానికి రెండంటే ఒక థెరపిస్ట్ 15 మందినే చూడగలరు. 40 మందికి చాలదు. వారానికి ఒక సెషన్ బిడ్డతో, ఆరో రోజు తల్లిదండ్రులకి గుంపుగా ఇంటి దగ్గర చేయాల్సినవి నేర్పిస్తే 30 మంది దాకా నడుస్తుంది. ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్), స్పీచ్ థెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్ ముగ్గురికీ తలా 35 వేలు, ఆయాకి 12 వేలు అనుకుంటే ఏడాదికి 14 లక్షల 4 వేలు. రెండేళ్లకి మీ 28 లక్షలూ జీతాలకే సరిపోతాయి. అలాగే ఖర్చవ్వాలి కూడా.

పరికరాలు తగ్గించండి. మందం చాపలు, పెద్ద అద్దం, థెరపీ బంతులు, బొమ్మల కార్డులు, చిన్న బల్లలు చాలు. ఊయల పెడితే ఫ్యాన్ హుక్కుకి మాత్రం కట్టొద్దు. అది వేలాడే బరువుకి చేసింది, ఊగే బరువుకి కాదు. విడిగా ఇనుప ఫ్రేమ్, తిరిగే స్వివెల్ కావాలి. పాత ట్యూబ్‌లైట్లు తీసేయండి. ఆ చోక్ గుయ్యిమనే శబ్దం మనకి వినపడకపోయినా కొందరు పిల్లలు గంటసేపు చెవులు మూసుకునే కూర్చుంటారు.

నియామక షరతుల్లో ‘ముగ్గురికీ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ తప్పనిసరి’ అని రాయొద్దు. స్పీచ్ థెరపిస్ట్‌కీ స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ అది ఉంటుంది, ఓటీలు ఆర్‌సీఐ కిందికి రారు. ఆ షరతు వల్ల ఓటీ పోస్టు ఖాళీగానే ఉండిపోతుంది.

ఆ 40 ఎక్కడి లెక్క? సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్లు చూసి రాస్తే చిన్నపిల్లలు బయటే ఉండిపోతారు, చాలామందికి ఆ వయసులో సర్టిఫికెట్ ఉండదు. ఆర్‌బీఎస్‌కే బృందం పైకి పంపిన పిల్లల జాబితా, అంగన్‌వాడీ జాబితా కలిపి చూడండి. పద్దు గారి మూడో ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. మొక్క ఈ జూలైలో కాకపోతే వచ్చే జూలైలో నాటుకోవచ్చు. మూడేళ్ల బిడ్డకి ఈ ఏడాది పోతే మళ్లీ మూడేళ్లు రావు.

బొగ్గుబాట
అందరికీ ధన్యవాదాలండి. జీతాలకి ఖనిజ నిధి వాడనివ్వరని ఇక్కడ గట్టిగా చెప్తున్నారు. అందుకే అంచనాలో పెట్టలేదు.

పద్దు
అది అపోహ. నిధి పరిపాలన కోసం పోస్టులు సృష్టించడం వేరు, సేవకి సిబ్బందిని పెట్టడం వేరు. ఆరోగ్య విభాగం గురించి మార్గదర్శకాల్లోనే భవనాల మీదే దృష్టి పెట్టకుండా సిబ్బంది, పరికరాలు, సరఫరాలు కూడా సమకూర్చాలని, ఉన్న వ్యవస్థతో కలిసి పనిచేయాలని ఉంది. ఆ పేరా యథాతథంగా మీ ఫైలుకి జతచేయండి. కేంద్రాన్ని విడి సంస్థగా కాకుండా భవిత కేంద్రానికో ఏరియా ఆసుపత్రికో అనుబంధంగా చూపించండి. మూడేళ్ల జీతాలు ఒకేసారి అడగండి, నాలుగో ఏడాది నుంచి ఏ శాఖ భరిస్తుందో ఆ శాఖ అధికారి సంతకంతో లేఖ పెట్టండి. రెండో ప్రతిపాదనలోంచి ఫాగ్ కానన్ తీసేసి, మొక్కలని మున్సిపల్ పచ్చదనం పద్దుకి మార్చి, రోడ్డు ఊడ్చే పని గనివాళ్ల మీద పెట్టించగలిగితే రెండు ప్రతిపాదనలకీ పోటీయే ఉండదు.