45 హెచ్‌పీ ట్రాక్టర్ లాగే బరువు 82 హెచ్‌పీ కారు ఎందుకు లాగలేదు?

కోవూరు కుర్రాడు:
నేను డిప్లొమా మెకానికల్ ఫస్ట్ ఇయర్. మొన్న కోతలప్పుడు మా పెదనాన్న ట్రాక్టర్ వెనక ట్రక్కులో (తొట్టిలో) నాలుగు పుట్ల వడ్లు వేసుకుని మడిలోంచి గట్టెక్కి రోడ్డు మీదికి వచ్చేసింది, ఇంజిన్ పెద్దగా కష్టపడినట్టు కూడా అనిపించలేదు. దాని మీద రాసింది 45 హెచ్‌పీ. మా అన్నయ్య కారు 1200 సీసీ పెట్రోలు, 82 హెచ్‌పీ. అది ఆ ట్రక్కును లాగలేదని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, కానీ ఎందుకో నాకు తెలియడం లేదు. ఎవర్ని అడిగినా ట్రాక్టర్‌కి టార్క్ ఎక్కువ అంటున్నారు. క్లాసులో పవర్ అంటే టూ పై ఎన్ టీ బై సిక్స్‌టీ అని రాయించారు (ఎన్ అంటే ఆర్‌పీఎం, నిమిషానికి ఎన్ని చుట్లు అని; టీ అంటే టార్క్), అది బట్టీ వచ్చు. టార్క్ ఎక్కువ ఉన్నదానికి పవర్ తక్కువ ఎట్లా ఉంటుంది? పరీక్ష కోసం కాదన్నా, నిజంగా అర్థం కావాలి.

లేత్ పని, ఒంగోలు:
తమ్ముడూ, ముందు లారీ చక్రం నట్టు విప్పడం చూడు. 30 సెంటీమీటర్ల స్పానర్ చివర 40 కిలోల బలంతో నొక్కితే నట్టు మీద పడే తిప్పుడు బలం సుమారు 120 న్యూటన్ మీటర్లు. అదే టార్క్. నట్టు కదలకపోతే స్పానర్‌కి పైపు తొడిగి 90 సెంటీమీటర్లు చేస్తాం, అదే మనిషి, అదే నొక్కుడు, టార్క్ మాత్రం 360 అయింది. కానీ నట్టు అంతే తిరగాలంటే చెయ్యి మూడింతల దూరం కదలాలి. గేరు చేసే పని కూడా ఇదే, బలం పెంచుతుంది, ఆ మేరకు వేగం తగ్గిస్తుంది.

పవర్ అంటే ఆ తిప్పుడు బలం ఎంత వేగంగా పని చేస్తోంది అనేది. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, అంటే దాదాపు 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు పైకి ఎత్తడం. నీ ఫార్ములానే సులువుగా రాసుకుంటే, న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి.

ఇప్పుడు తిరగేసి లెక్క వెయ్యి. ట్రాక్టర్ 45 హెచ్‌పీ అంటే 33.6 కిలోవాట్లు, అది 2000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది అనుకుంటే టార్క్ 160. కారు 82 హెచ్‌పీ అంటే 61 కిలోవాట్లు, అది 6000 దగ్గర, కాబట్టి టార్క్ 97. కారు ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు మహా అయితే 110 దాకా ఇస్తుందనుకో. అంటే ఇంజిన్ల మధ్య తేడా ఒకటిన్నర రెట్లే. గట్టు ఎక్కించింది ఇంజిన్ ఒక్కటే కాదని ఇక్కడే తేలిపోయింది. మిగతా కథంతా గేర్‌బాక్స్‌లో ఉంది.

కారు ఫస్ట్ గేరులో ఇంజిన్ సుమారు 14 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. ట్రాక్టర్ 'లో ఫస్ట్' గేరులో, అంటే అన్నిటికంటే నెమ్మది గేరులో, గంటకు రెండున్నర కిలోమీటర్లు పోతుంది కదా, దాని వెనక టైరు చుట్టుకొలత నాలుగు మీటర్ల దగ్గర, లెక్క వేస్తే ఇంజిన్ సుమారు 190 సార్లు తిరిగితే టైరు ఒకసారి. ఇంకో మాట, ట్రాక్టర్ టాప్ గేరులో ఇది 15 దగ్గరికి వస్తుంది. అంటే మీ అన్నయ్య కారు మొదటి గేరు ఎక్కడుందో ట్రాక్టర్ ఆఖరి గేరు అక్కడుంది.

నాలుగు పుట్లంటే 3400 కిలోలు, ట్రక్కు, ట్రాక్టర్ కలిపి మొత్తం 7 టన్నులు వేసుకో. ఐదు మీటర్లకు ఒక మీటరు లేచే గట్టయితే అందులో ఐదో వంతు, 1400 కిలోల బలం కావాలి. కారు ఫస్ట్ గేరులో టైర్ల దగ్గర ఇచ్చేది 500 కిలోల చుట్టూ. పైగా ముందు చక్రాలతో నడిచే కారుకి వెనక బరువు కట్టి ఎత్తు ఎక్కిస్తే ముందు భాగం తేలికై టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. చదునైన తారు రోడ్డు మీద కారు ఆ ట్రక్కును కదిలించనైతే కదిలిస్తుంది. క్లచ్ కాలుతుంది, బ్రేకు వేస్తే ఆగదు, కాబట్టి ఎవరూ ఆ ప్రయత్నం చేయొద్దు.

కావలి బుల్లెట్:
అన్న బాగా చెప్పాడు. నాదొక మాట, డీజిల్ అనేది కూడా ముఖ్యం. డీజిల్‌కి టార్క్ ఎక్కువ. పెట్రోలు బండ్లలో కూడా చూడు, ఇప్పటి క్లాసిక్ 350కి 20 హెచ్‌పీ, 27 న్యూటన్ మీటర్లు. పల్సర్ ఎన్‌ఎస్ 200కి 24 హెచ్‌పీ, 18 చిల్లర. నేను రెండూ నడిపాను, ఇద్దరం ఎక్కి నెమ్మదిగా పోయేటప్పుడు బుల్లెట్‌కి గేరు మార్చే పనే ఉండదు. హైవే మీద ఓవర్‌టేక్ దగ్గర మాత్రం ఎన్‌ఎస్ దూసుకుపోతుంది.

లేత్ పని, ఒంగోలు:
నీ బుల్లెట్ ఉదాహరణ సరిగ్గా ఉంది. డీజిల్ సంగతిలో కొంచెం సర్దాలి. ట్రాక్టర్ ఇంజిన్ 2700 సీసీ అనుకో, అంటే 2.7 లీటర్ల సైజు, టార్క్ 160ని 2.7తో భాగిస్తే లీటరు సైజుకు 59. కారుది 110ని 1.2తో భాగిస్తే 92. లీటరు లెక్కన పెట్రోలు కారుదే ఎక్కువ! ట్రాక్టర్‌కి టార్క్ వచ్చింది ప్రధానంగా సిలిండర్లు పెద్దవి కాబట్టి. టర్బో ఉన్న డీజిల్ కార్ల సంగతి వేరు, అక్కడ గాలిని ఎక్కువ కూరుతారు. ట్రాక్టర్ ఇంజిన్‌ని కావాలనే అంత నెమ్మదిగా, అంత తక్కువ ఒత్తిడితో పెడతారు, ఎందుకంటే దమ్ము చేసేటప్పుడు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఫుల్ లోడులో నడవాలి. కారు తన 82 హెచ్‌పీని ఎప్పుడో కొన్ని సెకన్లు వాడుకుంటుంది.

చీమకుర్తి లోడు:
నేను గ్రానైట్ బ్లాకులు తోలే లారీ డ్రైవర్ని. లెక్కలు మీరు చెప్పండి, నడిపేది నేను చెప్తా. మా బండి ఆర్‌పీఎం మీటరులో పచ్చ గీత ఉంటుంది, టార్క్ బాగా వచ్చేది అక్కడే, 1200 నుంచి 1600 మధ్య. ముల్లు దానికంటే కిందికి జారుతుంటే ఆక్సిలరేటర్ తొక్కి లాభం లేదు, ఇంజిన్ దడదడ కొట్టుకుంటుంది, డీజిల్ తాగుతుంది, వేడెక్కుతుంది. గేరు దించాల్సిందే. కొత్త కుర్రాళ్లు గేరు దించితే స్లో అవుతామని భయపడతారు, ఎత్తులో దించకపోతేనే ఆగిపోతారు.

దిగేటప్పుడు కూడా ఇదే గేరు కాపాడుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎవరైనా పోతే, ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికి కూడా అదే పెట్టుకోండి. ఇంజిన్ చక్రాన్ని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేసి బ్రేకు మీదే దిగితే డ్రమ్ములు కాలి బ్రేకు పట్టదు. దయచేసి ఎవరూ అట్లా చేయొద్దు, ఆ రోడ్డులో ఏం జరుగుతుందో చూసినవాళ్లం.

అల్లూరు చెరువులు:
మా రొయ్యల గుంటలో ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే రెక్కల మిషను) మోటారు 2 హెచ్‌పీ, ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది. కానీ రెక్కలు నిమిషానికి 100 సార్లు తిరుగుతాయి. అంటే మాకు కూడా టార్క్ పెరిగినట్టేనా?

లేత్ పని, ఒంగోలు:
అవునండీ, చాలా మంచి ప్రశ్న. మోటారు దగ్గర 10 న్యూటన్ మీటర్లు, గేర్‌బాక్స్ తర్వాత, రాపిడిలో పోయేది వదిలేస్తే, 140 పైన. ట్రాక్టర్ ఇంజిన్ టార్క్‌కి దగ్గరగా ఉంది చూశారా! అలాగని 2 హెచ్‌పీ మోటారుతో దమ్ము చేయలేం, ఎందుకంటే ఆ 140 వచ్చేది 100 ఆర్‌పీఎం దగ్గర, ట్రాక్టర్‌కి 160 వచ్చేది 2000 దగ్గర. కోవూరు తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. గేర్లు మార్చి టార్క్ ఎంతైనా పెంచుకోవచ్చు, హెచ్‌పీని ఏ గేరూ పెంచలేదు, కాస్త తగ్గిస్తుంది కూడా. కాబట్టి ఇంజిన్ టార్క్ ఒక్కటే చూసి ఈ బండి బాగా లాగుతుంది అనకు, చక్రం దగ్గర ఎంత వస్తోంది, ఏ వేగంలో వస్తోంది అని చూడు.

కోవూరు కుర్రాడు:
ఇప్పుడు వెలిగిందన్నా. ఇంకొక్కటి. లో ఫస్ట్‌లో లెక్క వేస్తే టైర్ల దగ్గర దాదాపు ఐదు టన్నుల బలం వస్తోంది. మరి దమ్ములో ట్రాక్టర్ ఎందుకు కూరుకుపోతుంది? రోటవేటర్ (ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే పనిముట్టు) కొనేటప్పుడు కూడా ఈ 45 హెచ్‌పీనే చూడాలా?

లేత్ పని, ఒంగోలు:
ఆ ఐదు టన్నులు కాగితం మీదే. బండి బరువు రెండు టన్నులైతే నేల అంత బలాన్ని పట్టుకోలేదు, టైరు జారిపోతుంది, బురదలో ఇంకా ముందే జారుతుంది. అందుకే బురదలో కేజ్ వీల్స్ (ఇనుప పట్టీల చక్రాలు) బిగిస్తారు, పొడి దుక్కిలో టైర్లలో నీళ్లు నింపి బరువు పెంచుతారు.

రోటవేటర్‌కి పీటీవో హెచ్‌పీ అడుగు, పీటీవో అంటే పనిముట్లను తిప్పడానికి ట్రాక్టర్ వెనక ఉండే షాఫ్టు. 45 హెచ్‌పీ బండికి పీటీవో దగ్గర సుమారు 38 నుంచి 40 మిగులుతుంది. పీటీవో 540 ఆర్‌పీఎం రావాలంటే ఇంజిన్ ఎంత తిరగాలో ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, చాలా బండ్లలో మీటరు మీదే గుర్తు పెట్టి ఉంటుంది. మీ పెదనాన్నను అడిగి ఆ గుర్తు ఎక్కడుందో చూడు, లోడులో ముల్లు దానికింద పడిపోతుంటే ఆ రోటవేటర్ మీ బండికి పెద్దదైనట్టు.