పురిటికి పుట్టింటికి పంపేలోపు నేను ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కాబోయే నాన్న:
అందరికీ నమస్కారం అండి. మాది మొదటి కాన్పు. మా ఆవిడకి ఇప్పుడు 33వ వారం, జర్నీ చేయాలంటే ఇప్పుడే చేసేయండి ఆ తర్వాత వద్దు అని డాక్టర్ గారు అన్నారు, అందుకని వచ్చే ఆదివారం తెనాలి తీసుకెళ్ళి అత్తయ్య గారింట్లో దింపుతున్నా, డెలివరీ గుంటూరులో. నేను మాత్రం కూకట్‌పల్లిలోనే ఉంటా, నొప్పులొచ్చాయని ఫోన్ రాగానే బయల్దేరాలి. ఆఫీసులో కొలీగ్ ఒక లిస్టు పంపాడు, స్టెరిలైజర్, బాటిల్ వార్మర్, బేబీ మానిటర్, క్రిబ్ ఇంకా ఏవేవో అరవై పైనే ఉన్నాయి, అన్నీ కార్ట్‌లో వేసి చూస్తే 48 వేలు దాటింది. అత్తయ్య గారేమో బిడ్డ భూమ్మీద పడకముందు ఒక్క చొక్కా కూడా కొనకూడదు బాబూ అని గట్టిగా చెప్పారు, మా ఆవిడ ఇటు నాకూ అటు వాళ్ళమ్మకీ చెప్పలేక నలిగిపోతోంది. అసలు నిజంగా ఏం కావాలి, ఏం అక్కర్లేదు, నేను చేయాల్సిన పనులేంటి? మా ఇంట్లో చిన్నపిల్లలు ఎవరూ లేరు, నెలలోపు బిడ్డని నేను ఇంతవరకు ఎత్తుకోలేదు. నిన్న రాత్రి మా ఆవిడ నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది, మడమో మోచెయ్యో తెలీదు గానీ చిన్న గుండ్రటిదేదో నా అరచేతి కింద నుంచి జరుక్కుంటూ వెళ్ళింది. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గోదారి అక్క:
తమ్ముడూ ముందు ఆ కార్ట్ ఖాళీ చేసెయ్. మీ అత్తయ్య గారితో వాదన వద్దు, కొత్తవి కొనకూడదు అంటారు గానీ పాతవి సిద్ధం చేసుకోకూడదని ఏ పెద్దావిడా అనదు, అసలు పుట్టిన బిడ్డకి కావాల్సింది కూడా పాత గుడ్డలే. నాకు ఏడో నెల రాగానే మా అమ్మ తన పాత నేత చీరలు బీరువాలోంచి తీసింది, ఉతికి ఉతికి మెత్తబడి వెలిసిపోయినవి, అంచులూ జరీ కత్తిరించి పక్కన పడేసి మిగతాది మూరన్నర చొప్పున చింపింది. కుట్టు ఉంటే తొడల దగ్గర ఒరుసుకుంటుందని చివర్లు కుట్టలేదు. వేడినీళ్ళలో నానేసి, మామూలు సబ్బుతో ఉతికి, రెండు ఎండలు బాగా ఎండబెట్టి, మడతలు పెట్టి ఒక శుభ్రమైన దిండు గలీబులో కట్టి ఉంచింది. అవి ముప్పై నలభై ఉండాలి, నవ్వకు, వానాకాలం అయితే అవీ చాలవు. రోజుకి పదిహేను ఇరవై సార్లు తడుపుతారు మరి.

వీటికి తోడు పక్క కింద వేసే రబ్బరు షీట్లు రెండు, గొడుగులా మడిచే దోమతెర ఒకటి, ముందు తాళ్ళతో ముడేసే పల్చటి జుబ్బాలు ఆరు, టోపీ, సాక్సులు, మెత్తటి టర్కీ టవల్. డైపర్లు న్యూబార్న్ సైజు చిన్న ప్యాకెట్ ఒక్కటి చాలు, నెల తిరిగేసరికి ఆ సైజు పట్టదు, నేను ఆఫర్ అని మూడు పెద్ద ప్యాకెట్లు కొని రెండు ఊళ్ళో వాళ్ళకి ఇచ్చేశా. జుబ్బాలూ డైపర్లూ కొత్తవే కాబట్టి బిడ్డ పుట్టాక నువ్వు తీసుకెళ్ళు, ఆ మాట అత్తయ్య గారికి ముందే చెప్పేస్తే ఆవిడ మనసూ కుదుటపడుతుంది. క్రిబ్ వద్దు. స్టెరిలైజర్ వద్దు, ఒకవేళ ఎప్పుడైనా పిండిన పాలు పట్టాల్సొస్తే ఉగ్గుగిన్నె మరిగించుకుంటే సరిపోతుంది.

హాస్పిటల్ బ్యాగ్ మాత్రం 36వ వారానికి తలుపు పక్కన ఉండాలి. స్కాన్ రిపోర్టుల ఫైలు, మదర్ అండ్ చైల్డ్ కార్డు, ఇద్దరి ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు పైనే కనపడేలా పెట్టు. అమ్మాయికి ముందు జిప్ ఉన్న కాటన్ నైటీలు నాలుగు, పెద్ద సైజు ప్యాడ్లు, జారని చెప్పులు, ఫ్లాస్కు. ఆ బ్యాగ్ నువ్వూ మీ ఆవిడా కలిసి సర్దండి, ఏది ఎక్కడుందో నీకు తెలియాలి. మా ఆయనకి తెలీక ఆ రాత్రి నర్సు గుడ్డ అడిగితే బ్యాగ్ మొత్తం మంచం మీద కుమ్మరించి వెతికారు.

లేబర్ రూమ్ నర్సు:
అన్నా, మాది వరంగల్ దిక్కు, స్టాఫ్ నర్సుగా పదహారేండ్లయితున్నది. సామాన్ల సంగతి అక్క మంచిగ చెప్పింది. నేను బిడ్డ పుట్టినంక మొదటి గంట గురించి చెప్తా, ఇండ్లల్ల లొల్లి అంత ఆడికెల్లే మొదలైతది.

పుట్టిన గంటలోపట బిడ్డను తల్లి ఛాతీ మీద వేసి పాలకు పట్టాలె. ఆపరేషన్ అయినా సరే, తల్లి తెలివితోని ఉంటే సిస్టర్‌ను అడగుండ్రి, పట్టిస్తరు. ముందుగాల వచ్చే పాలు పసుపుపచ్చగ చిక్కగ ఉంటయి, అవే ముర్రుపాలు, పిండి పారబోసుడు అస్సలొద్దు. తేనె నాకిస్తం, చక్కెర నీళ్ళు తాపిస్తం, గాడిద పాలు పోస్తం అని ఎవరో ఒకరు వస్తరు, నువ్వే అడ్డం నిలబడాలె అన్నా, బాలింతకు ఆ టైంల కొట్లాడే ఓపిక ఉండది. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఎందుకొద్దంటే అండ్ల ఉండే ఒక రకం బ్యాక్టీరియా వాళ్ళ పేగులల్ల పెరిగి విషం తయారుచేస్తది, ఒళ్ళంత చచ్చుబడ్డట్టయితది. ఆరు నెలల దాకా మంచినీళ్ళు గూడ వద్దు, పాలల్లనే నీళ్ళుంటయి, ఎండకాలమైనా అంతే.

మొదటి రెండు మూడు దినాలు అందరు పాలు పడలే పాలు పడలే అని ఆగం చేస్తరు. మొదటి రోజు బిడ్డకు ఒక్కో పారి టీ చెంచాడు చాలు. పాలు నిండుగ వచ్చేది మూడో రోజో నాలుగో రోజో. అప్పటిదాంక గంటకు రెండు గంటలకు రొమ్ముకు పట్టుకుంటనే ఉండాలె. డాక్టర్ చెప్పకుండ డబ్బా పాలు తేవద్దు, ఆ పాలపొడికి, పాలసీసలకు ప్రకటనలు ఇయ్యొద్దని 1992ల చట్టమే వచ్చింది. పాలు సరిపోతున్నయా అని ఎట్ల తెలుస్తదంటే, ఐదో రోజు నుంచి దినానికి ఆరు సార్లకు తక్కువ గాకుండ ఉచ్చ పోయాలె. మొదటి వారం కొంచెం బరువు తగ్గుతరు, రెండు వారాలకు పుట్టిన బరువుకు వస్తరు. మొదటి దొడ్డి తారు లెక్క నల్లగ జిగురుగ ఉంటది, అది చూసి భయపడకు.

బొడ్డుకు ఏం పెట్టొద్దు, పసుపు వద్దు, బూడిద వద్దు, నూనె వద్దు. పొడిగ ఉంచితే వారం పది దినాలల్ల అదే ఎండి రాలుతది, అప్పటిదాంక తడిబట్టతోని తుడుసుడే. నూనె రుద్దుండ్రి గని ముక్కుల చెవులల్ల పోయొద్దు, కండ్లకు కాటుక పెట్టొద్దు, దిష్టి చుక్క అరికాలుకు పెట్టుకోండ్రి. సాంబ్రాణి పొగ బిడ్డకు దగ్గర పట్టొద్దు. ఎల్లెలకల పండబెట్టాలె, మెత్తలు గిత్తలు పక్కకు వద్దు. అక్క చెప్పిన గుడ్డల మీద ఒక్క మాట, కుట్టని చివర్ల దారాలు ఊడి కాలివేళ్ళకు చుట్టుకుంటయి, బట్ట మార్చినప్పుడల్ల వేళ్ళు చూడుండ్రి. ఒక పిల్లగానికి బొటనవేలు నల్లేరు పండు లెక్క ఎర్రగ వాచి మా దగ్గరికి తెచ్చిన్రు, చూస్తే సన్నటి దారం.

పసిరికలు, అంటే కామెర్లు, రెండో రోజు మూడో రోజు చానమందికి వస్తయి, తగ్గిపోతయి. గని 24 గంటలు గాకముందే పచ్చబడితే, లేకుంటే అరచేతులు అరికాళ్ళ దాకా పచ్చదనం దిగితే పొద్దటి ఎండల పెడదాం అని కూసోవద్దు, దవాఖానకు పోవాలె, లైటు కింద పెడ్తరు. జ్వరం 100.4 దాటినా, పాలు తాగుడు బంద్ చేసి మబ్బుగ పడుకున్నా, డొక్కలు ఎగరేసినా అదే మాట, తెల్లారనియ్యొద్దు. టీకాలు పుట్టంగనే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి మూడు వేస్తరు, మళ్ళ 6, 10, 14 వారాలకు.

ఇంకోటి, మీ ఆమె బ్లడ్ గ్రూప్ నెగెటివా పాజిటివా చూసుకో. నెగెటివ్ ఉండి బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటలల్ల యాంటీ డి ఇంజెక్షన్ పడాలె, పడకపోతే ఈ కాన్పుకు ఏం గాదు గని తర్వాతి కాన్పుల బిడ్డకు కష్టమైతది. ఆ మందు అక్కడ దొరుకుతదా లేదా ముందే అడుగు.

విశాఖ నుంచి:
అందరూ బిడ్డ గురించి చెప్తున్నారు కాబట్టి నేను మీ ఆవిడ గురించి రాస్తాను. నా మొదటి కాన్పుకి మా ఇంట్లో పథ్యం చాలా గట్టిగా పెట్టారు, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, అవి పర్వాలేదు, నీళ్ళు మాత్రం ఒంటికి నీరు పడుతుందని రోజుకి రెండు గ్లాసులు ఇచ్చేవారు. మే నెల. నోరు పిడచకట్టుకుపోయేది, పాలు ఇస్తుంటే ఇంకా దాహం, మలబద్ధకంతో కుట్లు లాగేసి బాత్రూంలో ఏడ్చేదాన్ని. డాక్టరమ్మకి చెప్తే ఎవరమ్మా నీకు నీళ్ళు ఆపింది అని కేకలేశారు. మీరు డిశ్చార్జ్ రోజే డాక్టర్ గారి చేత అత్తయ్య గారి ఎదురుగా ఆ మాట చెప్పించండి, అల్లుడు చెప్తే చెల్లదు, డాక్టర్ చెప్తే చెల్లుతుంది.

రెండోది ఏడుపు. మూడో రోజు నుంచి నాకు ఊరికే కన్నీళ్ళు వచ్చేవి. ఇంటి నిండా చుట్టాలే, వచ్చినవాళ్ళందరూ తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి బిడ్డ ఎవరి పోలిక అని చూసేవారు, నువ్వెలా ఉన్నావమ్మా అని ఒక్కళ్ళూ అడగలేదు. మా ఆయన వీడియో కాల్ చేసి బాబుని చూపించు అనేవారు, నేను ఫోను బాబు వైపు తిప్పి నా మొహం పక్కకి తిప్పుకునేదాన్ని. దయచేసి మీరు కాల్ చేసినప్పుడు ముందు ఆమెని చూడండి. తిన్నావా, నిద్రపోయావా, కుట్లు ఎలా ఉన్నాయి అని అడిగాకే బిడ్డని చూపించమనండి. మామూలు దిగులైతే రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకు మించితే, బిడ్డ నిద్రపోయినా తనకి నిద్ర పట్టకపోతే, బతకాలని లేదు లాంటి మాట ఒక్కసారి వచ్చినా సరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. మనసు బాగోకపోతే మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నాకు అప్పట్లో లేదు.

బెజవాడ నాన్న:
బ్రో నీ వైపు పనులు నేను చెప్తా, మా పాపకి ఇప్పుడు ఏడాదిన్నర. నాకు బాగా దెబ్బ పడింది బర్త్ సర్టిఫికెట్ దగ్గర. హాస్పిటల్ కౌంటర్లో ఫారం ఇస్తే తొందరలో మా బావమరిది నింపాడు, నా ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టు కాకుండా పొడి అక్షరాలతో రాశాడు, అది మార్పించడానికి నాలుగు నెలలు తిరిగా. కాబట్టి ఇద్దరి పేర్లు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో ఒక కాగితం మీద రాసి ఆ ఫైల్లో పెట్టు. ఎక్కడ పుడితే అక్కడే రిజిస్ట్రేషన్, అంటే మీకు గుంటూరులో, హైదరాబాద్‌లో కుదరదు. 21 రోజుల్లోపు అయితే ఫీజు లేదు. బారసాల కాలేదు పేరు పెట్టలేదు అని ఆగొద్దు, పేరు లేకుండానే రిజిస్టర్ చేసి ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్చుకోవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలుకైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం.

కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే మెటర్నిటీకి లిమిట్ ఎంతో ఇవాళే హెచ్ఆర్‌ని అడుగు, బిడ్డ పుట్టగానే పాలసీలో చేర్చమని మెయిల్ పెట్టు, దానికి గడువు ఉంటుంది. బ్లడ్ ఇవ్వడానికి గుంటూరులో ఇద్దరి పేర్లు రాసుకో. రాత్రి పూట కారు ఎవరు తీస్తారో ఇప్పుడే అనుకోండి, ఎవరూ లేకపోతే 108. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా నీకోసం ఎదురు చూడకుండా వెళ్ళిపోమని చెప్పు, నువ్వు తర్వాత చేరుకుంటావు. లీవు అంతా హాస్పిటల్లో కుర్చీలో కూర్చుని అవగొట్టకు, సగం డిశ్చార్జ్ తర్వాతకి దాచుకో, మీ ఆవిడ ఉద్యోగం చేస్తుంటే తనకి చట్టం ప్రకారం 26 వారాలు వస్తాయి, ఎప్పట్నుంచి మొదలుపెట్టాలో ఆలోచించుకోండి.

ఎత్తుకోవడం గురించి భయపడకు. ఒక చెయ్యి మెడ కింద వేళ్ళు విప్పి పెట్టు, ఇంకో చెయ్యి పిర్రల కింద, నీ ఛాతీకి ఆనించుకుని అప్పుడు లేవు. పాలు తాగాక భుజం మీద వేసుకుని వీపు మీద మెల్లగా తడితే తేన్పు వస్తుంది, ఆ పని మా ఇంట్లో రాత్రిళ్ళు నాదే, వాళ్ళమ్మ పాలిచ్చి పడుకునేది. ఆ వెచ్చటి ఊపిరి మెడకి తగులుతుంటే ఇంకో గంట అయినా నిలబడాలనిపించేది.

న్యూజెర్సీ తెలుగు:
ఇక్కడ మాకు కార్ సీటు లేకపోతే హాస్పిటల్ నుంచి బిడ్డని పంపరు అండి, వెనక్కి తిరిగి ఉండేది, వెనక సీట్లో బిగించాలి. మీ లిస్టులో అరవై తీసేసినా ఇదొక్కటి ఆలోచించండి, గుంటూరు నుంచి తెనాలి దగ్గరే కానీ తర్వాత హైదరాబాద్ తీసుకురావాలి కదా. ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో మాత్రం వద్దు.

కాబోయే నాన్న:
అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. కార్ట్ తీసేశా, కార్ సీటు ఒక్కటి పక్కన పెట్టా, పుట్టాకే కొంటా. నర్సు గారూ, మీ రిప్లై చదివి రాత్రి ఫైలు మొత్తం తీసి చూశా, మా ఆవిడది ఓ నెగెటివ్. 28వ వారంలో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పుడు నేను బయట పార్కింగ్‌లో ఉన్నా, అదేంటో కూడా అడగలేదు. పుట్టాక ఇంకోటి పడాలని ఇప్పుడే తెలిసింది, రేపు పొద్దున్నే గుంటూరు డాక్టర్ గారికి ఫోన్ చేస్తా, హైదరాబాద్ నుంచి మందు తెచ్చుకోమంటే చల్లగా ఉంచి ఎలా తీసుకెళ్ళాలో కొంచెం చెప్తారా? అత్తయ్య గారికి కూడా ఫోన్ చేసి పాత చీరల సంగతి అడిగితే సంక్రాంతికే చింపి పెట్టాను బాబూ అన్నారు. మా ఆవిడ పడుకున్న ఉయ్యాలే ఇంకా అటక మీద ఉందట, మామయ్య గారు నిన్న దించి గొలుసులకి కొబ్బరినూనె రాస్తున్నారట.